గుండ్లకమ్మ ఒడ్డున అటు తిరిగిన మనుషులు

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన మరుసటి ఏడాది, వేసవి సెలవులు ముగిసి బళ్ళు తెరిచిన వారంలో నేను మార్కాపురంలోని ఒక బాలికల పాఠశాలలో ఫిజికల్ ట్రైనింగ్ ఇన్‌స్ట్రక్ట్రెస్‌గా చేరాను. పేరు పెద్దదే కాని హోదా చిన్నది. హెడ్మిస్ట్రెస్ గారి కింద క్లాసు టీచర్లు, వాళ్ళ తర్వాత కుట్టుపని టీచరు, ఆ తర్వాత నేను. పొద్దున అసెంబ్లీలో పిల్లలను వరుసలో నిలబెట్టడం, వారానికి మూడు పూటలు డ్రిల్లు చేయించడం, తనిఖీకి ఇన్‌స్పెక్ట్రెస్ గారు వచ్చినప్పుడు ఆ డ్రిల్లు తప్పుల్లేకుండా చూపించడం నా పని. ఊళ్ళో అందరూ నన్ను డ్రిల్లు టీచరమ్మ అనేవారు. అప్పట్లో మార్కాపురం కర్నూలు జిల్లాలో, ఆ జిల్లా మద్రాసు రాజధానిలో ఉండేవి.

మాది దొనకొండ. నాయన రైల్వే గ్యాంగులో పనిచేసేవాడు. మద్రాసులో ట్రైనింగు అయినప్పుడు మాకు ఈత, నీళ్ళలో పడ్డవారిని కాపాడే పద్ధతులు కూడా నేర్పారు. ఎత్తైన గోడల మధ్య కొలను, మూసిన గేటు, గేటు దగ్గర ఒక ఆయా. మాకు ఇచ్చిన ఈత దుస్తు నల్లటి అల్లిక గుడ్డతో కుట్టింది. భుజాల దగ్గర మొదలై తొడల పైనే అయిపోయేది. మొదటి రోజు మా బ్యాచిలో ఒక్కరం కూడా తువ్వాలు వదలలేదు. తువ్వాళ్ళతోనే నీళ్ళలోకి దిగి, మెడలోతు వచ్చాక వాటిని గట్టు మీదికి విసిరాం. మా ఇన్‌స్ట్రక్టరు నవ్వలేదు. నీళ్ళలో బరువైన గుడ్డ మనిషికి శత్రువని మాత్రం చెప్పింది.

మార్కాపురం వచ్చాక బట్టల సంగతి మరో రకంగా అర్థమైంది. చేలో కలుపు తీసే ఆడవాళ్ళు చీర మోకాళ్ళ పైకి ఎగగట్టి గోచీ పోసుకునేవారు. అది తప్పని ఎవరూ అనుకోలేదు. ముసలివాళ్ళలో చాలామంది జన్మలో రవిక తొడగలేదు. అదీ తప్పు కాదు. డ్రిల్లు కోసం నేను చీర మీద నడుముకు బెల్టు కడితే మాత్రం దారిన పోయే అవ్వలు ఆగి చూసి నోరు నొక్కుకునేవారు. సాయిబుల పిల్లలు పరదా కట్టిన బండిలో బడికి వచ్చేవారు. గేటు లోపలికి రాగానే ఓణీలు నడుముకు చుట్టి అందరికంటే ముందు పరిగెత్తేవారు. సిగ్గుకు కొలత గుడ్డ పొడవు కాదని, ఎక్కడ, ఎవరి ముందు అన్నదేనని అప్పుడప్పుడే నాకు తోస్తూ ఉండేది.

నేను చేరడానికి ముందు ఎండాకాలంలో మా బడి పిల్ల ఒకతె నీళ్ళు చేదడానికి పోయి దిగుడు బావిలో పడి చనిపోయింది. బావిలో పడితే మగపిల్లలు బయటికి వస్తారు, ఆడపిల్లలు రారు. వాళ్ళకి ఎవరూ ఈత నేర్పరు. హెడ్మిస్ట్రెస్ కామాక్షమ్మ గారికి ఈ సంగతి మనసులో పడిపోయింది. నా సర్టిఫికెట్లలో ఈత కూడా ఉందని చూసి, బడి వెనకాల ఉన్న బావిలో పెద్ద పిల్లలకు నేర్పమని చెప్పారు. తల్లిదండ్రుల అనుమతి లేకుండా మొదలుపెట్టడానికి ఆమె ఒప్పుకోలేదు. దాపరికం ఉండకూడదని, పిల్లలు వేసుకోవలసిన దుస్తును కూడా సభలో చూపమన్నారు.

చూపించాను. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు కూర్చున్నారు. ముందు ఆడవాళ్ళ వైపు ఎవరో కిసుక్కున నవ్వారు.  చివరికి యేసురత్నం అనే ఆయన లేచాడు. మార్కాపురానికి కొన్ని మైళ్ళ దూరంలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న పల్లెలో కూలిపని చేసుకునేవాడు. ఆయన కూతురు రూతు మా హాస్టల్లో ఉండి చదువుతోంది.

“టీచరమ్మా, మీరు మా మంచికే చెప్తాండారు, కాదనను. కానీ ఇంతమాత్రం గుడ్డేసుకుని నా బిడ్డ నీళ్ళల్లోంచి పైకొస్తే, సూసినోళ్ళ నోళ్ళు నేను మూయగలనా? కూలోళ్ళం. మాకుండేది మర్యాద ఒకటే.”

ఆయన కోపంగా అనలేదు.  సభ అట్లాగే ముగిసింది. కామాక్షమ్మ గారు నన్ను పిలిచి, పొడవు పైజామా, చేతుల చొక్కా కుట్టిస్తే ఒప్పుకుంటారేమో కనుక్కోమన్నారు. సభలో లేచి మాట్లాడిన మనిషి ఒప్పుకుంటే తక్కినవాళ్ళూ ఒప్పుకుంటారని ఆమె అంచనా. దసరా సెలవుల్లో రూతు ఇంటికి పోయినప్పుడు నేను ఆ పల్లెకు బయల్దేరాను.

ఆ రోజు ముసురు పట్టి ఉంది. పల్లెలో వాన సన్నగానే పడుతోంది కాని నల్లమల మీద ఆకాశం కాటుక రంగులో ఉంది. యేసురత్నం ఇంటి అరుగు మీద కూర్చుని పైజామా సంగతి చెబుతున్నాను. ఆయన భార్య మార్తమ్మ, కూతురు రూతు, ఇంకొందరు ఆడవాళ్ళు ఏటికి అవతల వేరుశనగ చేలో కలుపుకు పోయారని, సాయంత్రానికి వస్తారని, ఆమెను కూడా అడగాలని ఆయన అన్నాడు. అంతలో ఏటి వైపు నుంచి కేకలు వినిపించాయి.

గుండ్లకమ్మను మామూలు రోజుల్లో చూసినవాళ్ళు దాన్ని ఏరు అనడానికి కూడా ఆలోచిస్తారు. ఇసుకలో అక్కడక్కడా పాయలు, పిక్కలలోతు నీళ్ళు. నేను ఒడ్డుకు పోయేసరికి ఆ ఇసుక లేదు. ఎర్రటి నీళ్ళు చెట్టు మొద్దుల్ని, పొదల్ని దొర్లించుకుంటూ పోతున్నాయి. కాళ్ళ కింద నేల అదురుతున్నట్టు అనిపించింది. ఏటి నడుమ ఒక నల్లటి బండ ఉంది. ఇంటికి వస్తున్న ఆడవాళ్ళు నీళ్ళలో సగం దూరం వచ్చాక పైనుంచి వరద తోసుకొచ్చిందట. వెనక్కి పోలేక, ముందుకు రాలేక ఆ బండ ఎక్కారు. అరడజను మంది, వాళ్ళ మధ్య రూతు. బండ అంచులు అప్పటికే మునిగిపోతున్నాయి.

ఊరంతా ఒడ్డున ఉంది. రెడ్ల వీధి వాళ్ళు, ఊరికి ఎడంగా యేసురత్నం వాళ్ళుండే పాలెం వాళ్ళు, అందరూ. కాపు కుర్రకారులో మంచి ఈతగాడు ఒకడు మోకు నడుముకు కట్టుకుని దూకాడు. ఎడ్లతో బావినీళ్ళు తోడే కపిలకు కట్టే ఆ లావు తాడు మొండి బరువు. తడిసేసరికి అదే అతన్ని కిందికి లాగింది. ఎంతో దిగువన ఒడ్డెక్కి, నెత్తురు కారుతున్న మోకాళ్ళతో తిరిగి వచ్చాడు. ఇంకెవరూ దిగడానికి సాహసించలేదు.

మా ట్రైనింగులో దీనికి పద్ధతి ఉంది. బరువైన తాడుతో ఎవరూ ఈదకూడదు. తేలికైన తాడు కట్టుకుని ఈదాలి, చేరాక దానితో బరువైన తాడును లాక్కోవాలి. నేరుగా ఈదకూడదు. చాలా ఎగువన దిగి, ప్రవాహమే మనల్ని చేరవలసిన చోటికి తోసేటట్టు ఏటవాలుగా పోవాలి. ఒడ్డున తాడు వదిలేవారు ఈదే మనిషి మీదినుంచి చూపు మరల్చకూడదు. ఇదంతా చెప్పి, బావుల చేంతాళ్ళన్నీ తెచ్చి ముడివేయమన్నాను. ముడివేశారు. దిగేది నేనే అని చెప్పాను. 

అప్పుడు నా చీర సంగతి నాకు గుర్తొచ్చింది. దానితో దిగితే బండ చేరను. డ్రిల్లు కోసం లోపల తొడల దాకా ఉండే నిక్కరు వేసుకునే అలవాటు నాది. చీర, లంగా తీస్తే రవిక, నిక్కరు మిగులుతాయి. చుట్టూ ఊరి మగవాళ్ళందరూ ఉన్నారు. సభలో నేను ఎత్తి చూపిన దుస్తుకూ దానికీ పెద్ద తేడా లేదు. ఆ రోజూ కట్టుకున్న బెల్టు విప్పాను. చీర కుచ్చెళ్ళ మీద చెయ్యి పడి అక్కడే ఆగిపోయింది. నీళ్ళ భయం కాదు. నాకిప్పటికీ బాగా గుర్తు, ఆ క్షణాన నీళ్ళ భయం లేదు.

నా పక్కన వెంగమ్మవ్వ ఉంది. రెడ్ల ఇంటి పెద్ద ముసలమ్మ, ఊళ్ళో అందరూ జంకే మనిషి. రవిక తొడగని అవ్వల్లో ఆమె ఒకతె. నా బెల్టును చూసి నోరు నొక్కుకున్నవాళ్ళలో కూడా ఉండే ఉంటుంది. ఆమె నా చెయ్యి చూసింది, నా ముఖం చూసింది. గట్టు మీదికి తిరిగి గొంతెత్తింది.

“మొగోళ్ళందరూ అటు తిరగండిరా! ఈ బిడ్డ దిగతాది. నేను చెప్పేదాకా ఎవడూ ఇటు తిరగాకండి. చేంతాడు మేం ఆడోళ్ళం పట్టుకుంటాం.”

నేను అక్కడ ఆగి చూడలేదు. చీర ఆమె చేతిలో పెట్టి, చేంతాడు చంకల కింద కట్టుకుని, ఎగువకు పరిగెత్తి దిగాను.

ఆ ఈత గురించి ఎక్కువ చెప్పలేను. తల పైకి ఎత్తినప్పుడల్లా బండ ఒక్కో చోట కనిపించేది. ఒక మొద్దు భుజానికి తగిలి చెయ్యి మొద్దుబారింది. ఆ ఏటికి నేనొక మనిషినన్న సంగతే తెలియదు. అంత బలాన్ని అంతకు ముందు గాని తర్వాత గాని నేను ఒంటి మీద ఎరగను. బండ దిగువ అంచు చేతికి దొరికింది. ఆడవాళ్ళు జుట్టు పట్టుకుని పైకి లాగారు.

చేంతాడుతో మోకును లాక్కున్నాం. దాని కొనకు బిగుసుకోని ముడితో ఉచ్చు వేశాను. మనిషి చంకల కింద అది తగిలిస్తే ఒడ్డు నుంచి లాగుతారు. ఉచ్చుకు చేంతాడు కట్టే ఉంటుంది కాబట్టి, ఒకరు చేరగానే మోకును మళ్ళీ బండ మీదికి లాక్కోవచ్చు. ముందు రూతును పంపాను. పరికిణీ బిగించి కట్టి పంపితే క్షేమంగా చేరింది. తర్వాత పంపిన ఆవిడ చీరతోనే దిగింది. నడి ప్రవాహంలో ఆ చీర విచ్చుకుని, గాలికి తెరచాప నిండినట్టు నీళ్ళతో నిండిపోయింది. ఆమె తల మునిగిపోయింది. ఒడ్డు చేరేసరికి కదలిక లేదు. ఆడవాళ్ళు బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కడం బండ మీదినుంచి కనిపించింది. చాలాసేపటికి ఆమె చెయ్యి కదిలింది.

ఇక చీరలతో పంపకూడదని నిశ్చయించుకున్నాను. ఆ మాట చెప్పగానే బండ మీద ఉన్నవాళ్ళు ఒకరినొకరు పట్టుకున్నారు. నీళ్ళు మా పాదాల మీదికి వచ్చాయి. మార్తమ్మ మాత్రం మాట్లాడింది.

“మీరంతా పోండి. గుడ్డ లేకుండా ఊరందరి ముందర నేను ఒడ్డెక్కను. ఈడనే సస్తా.”

“వదినా, నన్ను చూడు. నేనెట్ల వచ్చినానో చూడు,” అన్నాను. నాకూ మా పల్లె మాటే వచ్చింది.

“నువ్వు సదువుకున్నదానివి. రేపు బదిలీ చేయించుకుని పోతావు. నేను ఈ ఊళ్ళోనే బతకాల.”

 నేను ఒడ్డు వైపు చూశాను. దిగాక అటు సరిగా చూడటం అదే మొదటిసారి.

ఒడ్డున ముఖాలు లేవు. ఈ కొస నుంచి ఆ కొస దాకా వీపులే ఉన్నాయి. వానలో తడిసి ఒంటికి అంటుకున్న చొక్కాలు, చొక్కా లేని వీపులు, ముసలివాళ్ళ వంగిన వీపులు. మోకు భుజాల మీద వేసుకుని, కొండ వైపు ముఖాలు పెట్టి నిలబడ్డారు. నీళ్ళ అంచున ఆడవాళ్ళు మాత్రమే ఇటు తిరిగి ఉన్నారు. వెంగమ్మవ్వ చెయ్యెత్తి “లాగండి” అంటే వీపులు ముందుకు వంగుతాయి, “ఆపండి” అంటే ఆగుతాయి. ఆ మోకు లాగుతున్నవాళ్ళలో కొందరి భార్యలు, అక్కచెల్లెళ్ళు ఈ బండ మీదే ఉన్నారు. రెండో ఆవిడ మునిగినప్పుడు ఆడవాళ్ళు పెట్టిన కేకలు వాళ్ళ చెవుల్లో పడ్డాయి. మునిగింది ఎవరో వాళ్ళకి తెలియదు. అయినా ఒక్క మెడ కూడా తిరగలేదు.

నాకు ఒళ్ళు జలదరించింది. వరదను చూసినప్పుడు కలగని జలదరింపు.

“అటు చూడు వదినా,” అన్నాను.

మార్తమ్మ చూసింది. అందరూ చూశారు. 

“మా ఇంటాయన గూడా తిరగలేదా?” అంది మార్తమ్మ.

“తిరగలేదు. మోకు మొదట్లో ఉండేది ఆయనే.”

 ఆమె కొంగు ముడి తనే విప్పుకుంది. లోపలి పాతగుడ్డను గోచీలా బిగించి, రొమ్ముకు అడ్డంగా కొంగు చించి కట్టుకుంది. తక్కినవాళ్ళూ అట్లాగే చేశారు. చీరలన్నీ మూటగట్టి పంపాలనుకున్నాం గాని ఒక అల వచ్చి తీసుకుపోయింది.

ఒక్కొక్కరే వెళ్ళారు. ఎవరు చేరితే వాళ్ళ పేరును నీళ్ళ అంచున ఉన్న ఆడవాళ్ళు గట్టిగా అరిచి చెప్పేవారు. ఆ పేరు విన్న మగవాడి భుజాలు సడలేవి. అయినా మోకు వదిలేవాడు కాదు, తిరిగేవాడూ కాదు. ఇంకోటి కూడా చూశాను. చీర లేకుండా మొదటి ఆవిడ ఒడ్డెక్కగానే, కప్పడానికి అవ్వ నాకోసం పట్టుకున్న చీర తప్ప అక్కడ వేరే గుడ్డ లేదు. వెంగమ్మవ్వ ఏదో అంది. ఒక ముసలాయన తలగుడ్డ విప్పి, తిరగకుండానే భుజం మీదినుంచి వెనక్కి అందించాడు. ఆ పక్కనున్నవాడు, అతని పక్కవాడు. వరుసలో తలగుడ్డలన్నీ ఊడి, చేతులు మారి వెనక్కి వచ్చాయి. రెడ్ల వీధి తలగుడ్డ పాలెం ఆడమనిషికి, పాలెం వాడిది ఇంకెవరికో. ఆ పూట ఎవరూ లెక్క చూడలేదు.

మార్తమ్మ నాకు ముందు, అందరికీ చివర వెళ్ళింది. ఆమె పేరు అరిచినప్పుడు యేసురత్నం భుజం మీది మోకు పక్కవాడికిచ్చి, కొండ వైపు ముఖం పెట్టే నేల మీద కూలబడ్డాడట. నన్ను ఒడ్డుకు లాగిన తర్వాత వెంగమ్మవ్వ ఈ సంగతి చెప్పింది.

ఆయన అక్కడినుంచే అడిగాడట. “కప్పినారా అవ్వా?”

“కప్పినాం. తిరుగు నాయనా,” అంది ఆమె.

ఆయన తిరిగి, మార్తమ్మను తప్ప ఇంకెటూ చూడలేదట. తక్కినవాళ్ళు మాత్రం నేను చీర కట్టుకుని, బెల్టు పెట్టుకుని, అవ్వ మళ్ళీ చెప్పేదాకా తిరగలేదు. మొద్దు తగిలిన చెయ్యి లేవక నాకు కుచ్చెళ్ళు కుదరలేదు. వెంగమ్మవ్వే కట్టింది. బెల్టు కూడా ఆమే బిగించింది. 

మరునాటికి ఎవరి వీధి వారిదే, ఎవరి బావి వారిదే. ఒకరోజు వరదకు ఊరు మారిపోయిందని చెబితే అబద్ధం అవుతుంది. కాని ఆ పల్లెకు నేను తర్వాత చాలాసార్లు వెళ్ళాను. కోడి పోయినా పదిరోజులు చెప్పుకునే ఊరది. వరద ఎంత ఎత్తున వచ్చిందో, ఎవరి ఎడ్లు కొట్టుకుపోయాయో చెప్పుకునేవారు. ఆడవాళ్ళు ఒడ్డెక్కిన సంగతి ఒక్కరి నోట కూడా, వేళాకోళానికైనా, రాలేదు. తిట్టుకునేటప్పుడు కూడా ఆ మాట ఎత్తలేదు. వాళ్ళు ఆ రోజు అటు తిరిగినవాళ్ళు తిరిగినట్టే ఉండిపోయారు. అందుకే ఆ పల్లె పేరు నేనిక్కడ రాయలేదు.

ఎండాకాలం ముందు మా బడి బావిలో ఈత క్లాసు మొదలైంది. ముదురు రంగు పైజామా, నడుము దగ్గర పట్టీ వేసిన చొక్కా. నీళ్ళలో విచ్చుకోకుండా చీలమండల దగ్గర నాడాలు పెట్టించాను. యేసురత్నం రూతును పంపాడు, కాని క్లాసు జరిగే పూట మగవాళ్ళెవరూ బావి దారిన రాకూడదన్న షరతుతో. కామాక్షమ్మ గారు ఒప్పుకున్నారు. ఆ ఏడు తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్ట్రెస్ గారు పిల్లల దుస్తులు నిబంధనల ప్రకారం లేవన్నారు. పిల్లలు మునగడం లేదని హెడ్మిస్ట్రెస్ గారు జవాబు చెప్పారు. రిపోర్టులో ఆ విషయం రాకుండానే పోయింది.

తర్వాత గిద్దలూరులో, మరికొన్ని ఊళ్ళలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు పట్నాల్లో ఆడపిల్లలు పోటీల్లో ఈదుతున్నారు. వాళ్ళ దుస్తులు ఎంత ఉండాలన్నదాని మీద పెద్దవాళ్ళు వాదించుకుంటారు. పాత డ్రిల్లు టీచరునని నన్నూ అడుగుతారు. నేను నేర్చుకున్నది ఇంతే. ఈదేవారి దుస్తును నీళ్ళను బట్టి నిర్ణయించాలి. మర్యాద అనేది ఈదేవారి ఒక్కరి పూచీ కాదు, ఒడ్డున ఉన్నవాళ్ళది కూడా. దాన్ని మనుషులు నిలబెట్టగలరు. నేను చూశాను. అయితే అది చెప్పి చేయించవలసిన పని. వెంగమ్మవ్వ చెప్పకపోతే వాళ్ళు తిరిగేవారో లేదో నాకు తెలియదు. అందుకని, తర్వాత నేను పనిచేసిన ప్రతి బడిలోనూ ఈత క్లాసు మొదటి రోజు ఎవరినీ నీళ్ళలోకి దించలేదు. ఒడ్డున నిలబడటం నేర్పాను.